ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలు

నాకు కోపం ఎక్కువ. పాకాల రైల్వే స్టేషన్ ఎదుట మా నాయనకు ఎరువుల అంగడి ఉంది. చిన్నప్పుడు నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే, ఒకే మనిషి మూడోసారి ధర అడిగేసరికి నేనే లేచి వెళ్లిపోయేదాన్ని. అలాంటిదాన్ని ఐదేళ్లపాటు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నానంటే, ఆ ప్రశ్న అంత గొప్పదో, నేను అంత మొండిదాన్నో మీరే తేల్చుకోండి.

ప్రశ్న ఇది. విశ్వం పుట్టిన కొత్తలో చుక్కలు లేవు. అంతా చీకటి, ఆ చీకట్లో హైడ్రోజన్ వాయువు. పదమూడు వందల కోట్ల ఏళ్ల కిందట మొదటి చుక్కలు వెలిగాయి. అప్పుడు ఆ వాయువులో వచ్చిన మార్పు రేడియో అలల్లో చిన్న జాడగా ఇప్పటికీ మన దాకా వస్తూ ఉండాలి. అది ఎప్పటిదో, ఎంతదో కనిపెట్టాలి. చిక్కేమిటంటే, ఆ జాడ సరిగ్గా ఎఫ్.ఎం. స్టేషన్లు పాటలు వేసే తావులోనే ఉంటుంది. పెళ్లి మేళం పక్కన కూర్చుని దోమ రెక్కల చప్పుడు వినాలన్నమాట.

అందుకని మేళం లేని చోటు కావాల్సి వచ్చింది. తిరుపతిలో మేం పనిచేసే సంస్థ నుంచి నేనూ, మా గైడు హరినాథ్ సారూ బయలుదేరి రెండు నెలలు జిల్లా అంతా తిరిగాం. కార్వేటినగరం దాటి లోపలికి పోతే, చుట్టూ కొండలున్న ఒక పల్లె దొరికింది. అక్కడ ఫోను సిగ్నల్ ఒక్క గీతకు మించి రాదు. మేమిద్దరం దానికి సంబరపడి టీ తాగుతుంటే, టీ పోసిన ఆవిడ మమ్మల్ని అదోలా చూసింది. ఆ ఊళ్లోవాళ్లు టవరు కోసం మూడేళ్లుగా అర్జీలు పెట్టుకుంటున్నారట.

ఆవిడ పేరు నాగరత్నమ్మ. ఆవిడ భర్త మునస్వామి. డెబ్బై నాలుగేళ్ల మనిషి. రెండు ఆవులు, మూడెకరాల చెనక్కాయల చేను. చేను మూలలో కొంత బీడు ఉంటే, ఒక నెల వాడుకోనిమ్మని అడిగాం.

"ఆ మూల గడ్డి కూడా మొలవదు. పెట్టుకోండి," అన్నాడు.

మేం అక్కడ పెట్టింది బెంగళూరు పరిశోధన సంస్థ వాళ్లు అరువిచ్చిన రేడియో యాంటెన్నా. ఆగస్టు పదిహేనో తేదీకి తిరిగి పంపెయ్యాలి. నాలుగు కాళ్ల మీద రెండు లోహపు రేకులు, కింద రెండు గదులంత మేర పరిచిన ఇనుప వల, చుట్టూ కర్రలు పాతి కట్టిన కంచె. మునస్వామి తాత దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"మంచం మాదిరి ఉండాదే పాపా. ఎవురు పండుకుంటారు దీంట్లో?"

"ఎవరూ పడుకోరు తాతా. ఇది వింటుంది."

"ఏం వింటాది?"

చెప్పాను. మొదటి చుక్కల సంగతి, దోమ రెక్కల సంగతి, అన్నీ చెప్పాను. నేను పెద్దపెద్దవాళ్ల ముందు గంటసేపు చెప్పినా తలలు ఊగేవి కావు. తాత మాత్రం చెవి వెనక చెయ్యి పెట్టుకుని చివరిదాకా విని, ఒక్క మాటన్నాడు. "అయితే ఊరంతా గమ్మునుండాల."

అదే మా పరిశోధన సారాంశం.

ఆ రోజు నుంచి ఊరిని గమ్మున ఉంచే పని తాత నెత్తిన వేసుకున్నాడు. రాత్రి తొమ్మిదింటి నుంచి తెల్లారి ఐదింటి దాకా మా రికార్డింగు. ఆ వేళల్లో ఊళ్లో ఉన్న ఇరవై మూడిళ్లలోనూ ఫోన్లు ఆపాలి, టీవీలు ఆపాలి, మోటార్లు వెయ్యకూడదు. నేను చెబితే నవ్వి ఊరుకున్నవాళ్లు తాత గుమ్మంలో నిలబడితే ఆపారు. పక్క చేను ఢిల్లీబాబు మోటారుకు ఫోనుతో నడిచే స్టార్టరు ఉంది. అది ఆపేదాకా తాత వాళ్లింటి అరుగు మీద నుంచి కదల్లేదు. ఇది శ్రీహరికోటవాళ్ల పని అని, వినకపోతే రాకెట్టు తెచ్చి ఊళ్లో దించుతారని కూడా చెప్పాడట. నాకు తర్వాత తెలిసింది.

ఇంట్లో మరీ కఠినంగా ఉన్నాడు. తన ఫోను సాయంత్రమే ఆపి బియ్యం డబ్బాలో పెట్టేవాడు. ఒకరోజు నాతో అన్నాడు, "గోడ గడియారంలో సెల్లు గూడా తీసేస్తా ఉండా పాపా. రాత్రంతా టిక్కుటిక్కుమంటా ఉంటాది."

అది అక్కర్లేదని చెప్పి ఉండాల్సింది. ఎక్కువైతే మంచిదేలే అనుకుని ఊరుకున్నాను.

ఆ వారంలోనే చేను గట్టు మీద కట్లపాము కనబడిందన్నారు. తాత చీకట్లో చెప్పులు కూడా లేకుండా తిరుగుతాడు. నేను తిరుపతిలో ఒక చార్జింగ్ టార్చి కొని తెచ్చి ఇచ్చాను. చిన్నదే గానీ గట్టు చివరిదాకా వెలుగు పడుతుంది. తాత దాన్ని పగలు కూడా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. ఎవరడిగినా, "మా పాప ఇచ్చింది," అని చెప్పేవాడు. ఊళ్లో ఉన్న ప్రతి మిక్సీనీ, ప్రతి చార్జరునూ రిసీవరు పెట్టి పరీక్షించిన నేను, ఆ టార్చిని పరీక్షించలేదు. నేనిచ్చింది కదా, అందుకని.

జులై తొమ్మిదిన రికార్డింగు మొదలైంది. రాత్రి పూట నేను అక్కడ ఉండకూడదు. నా లాప్‌టాప్ కూడా మేళమే. వారానికోసారి పగటి బస్సులో పోయి, నిండిన డిస్కు తీసుకుని ఖాళీది పెట్టి వచ్చేదాన్ని. పోయినప్పుడల్లా నాగరత్నమ్మ అవ్వ సంగటి పెట్టి మొగుడి మీద చాడీలు చెప్పేది.

"ఈ మనిషికి నిద్ర పట్టకుండా పోయింది పాపా. దినానికింత ముందరగా లేస్తా ఉండాడు. నెల మొదుట్లో కోడి కూసినాక లేసేటోడు, ఇప్పుడు కోడినే లేపుతా ఉండాడు."

"కాఫీ తగ్గించమని చెప్పవ్వా," అన్నాను. పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని కదా, సలహా ఇవ్వకుండా ఎలా ఉంటాను.

నాలుగు వారాలు నిండాక, డిస్కులన్నీ తెచ్చి లెక్క కట్టాను. మబ్బులు పట్టి, ఎక్కడో మెరుపులు మెరిసిన ఏడు రాత్రుల్లో రికార్డింగు నిండా చిటపటలున్నాయి. వాటిని పక్కన పారేశాను. వాటి చోటు ఖాళీగా వదిలి, మిగిలిన ఇరవై ఒక్క రాత్రులనూ తేదీల వరుసలో ఒకదాని కింద ఒకటి పేర్చి తెర మీద చూశాను. పైనుంచి కిందికి సన్నటి గీత ఒకటి కనబడింది. ఏటవాలుగా, రూళ్లకర్ర పెట్టి గీసినట్టుంది.

అర్థమేమిటంటే, ప్రతి రాత్రీ ఏదో వచ్చి పన్నెండు నిమిషాలు ఉండి పోతోంది. మొదటి రాత్రి ఐదుకు పావుగంట ముందు వచ్చింది. మరుసటి రాత్రి అంతకు నాలుగు నిమిషాలు ముందు. ఆ మరుసటి రాత్రి ఇంకో నాలుగు నిమిషాలు.

నాలుగు నిమిషాలు. మన గడియారాలన్నీ సూర్యుణ్ణి బట్టి ఇరవై నాలుగు గంటలు నడుస్తాయి. చుక్కలు మాత్రం ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలకే మళ్లీ అదే చోటికి వస్తాయి. మోటారుకు, ఫోనుకు, పాలవ్యానుకు, మనిషి చేసే ప్రతి పనికీ గడియారమే దిక్కు. రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరిగేది ఆకాశం ఒక్కటే. అంటే ఇది పైనుంచి వస్తోంది. పట్టికలన్నీ వెతికాను. ఆ దిక్కున ఇలాంటిది ఎవరూ రాయలేదు. మన పాలపుంతకు అవతల ఎక్కడో, ఇంతవరకూ ఎవరూ వినని గొంతు.

సెప్టెంబరుతో నా ఫెలోషిప్ అయిపోతుంది. ఐదేళ్లలో చూపించడానికి నా దగ్గర ఒక్క ఫలితం లేదు. ఈ గీత నిజమైతే నా చదువు నిలబడుతుంది, అబద్ధమైతే పాకాల అంగట్లో యూరియా బస్తాలు ఎత్తించుకోవాలి. ఆ సాయంత్రం మా నాయనకు ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన మర్నాడు అంగడికి వచ్చిన ప్రతివాడికీ పొటాష్‌తో పాటు ఈ కబురు కూడా కట్టిచ్చాడు.

హరినాథ్ సార్ తెర ముందు చాలాసేపు కూర్చున్నారు. ఆయన ఆనందం వచ్చినా అనుమానం వచ్చినా కళ్లద్దాలు తుడుచుకుంటారు, ఏది వచ్చిందో తెలియదు.

"మన యాంటెన్నా ఆకాశమంతా ఒకేసారి చూస్తుంది పవిత్రా. నిజంగా పైన ఉన్నదైతే మెల్లగా పెరిగి, గంటలకొద్దీ ఉండి, మెల్లగా తగ్గాలి. పన్నెండు నిమిషాలకే ఎందుకు పోతోంది?"

"కొండల సందులోంచి మాత్రమే మనకు తగులుతోందేమో సార్."

ప్రేమలో పడ్డవాళ్ల దగ్గర అన్నిటికీ సమాధానాలుంటాయి. సార్ కాదనలేదు. ఈ సంగతి చెబుతూ బెంగళూరు వాళ్లకు పంపాల్సిన ఉత్తరం నాతోనే రాయించారు. "శుక్రవారం పొద్దున పంపుదాం. ఈలోగా నువ్వు పారేసిన ఆ ఏడు రాత్రులు కూడా ఒకసారి చూడు."

"అవి చెత్త సార్."

"చెత్తే. చూడు."

కోపంతో తలుపు కొంచెం గట్టిగానే వేసి వచ్చాను. మెరుపుల చిటపటలన్నీ ఒక్కొక్కటే ఏరి తీసెయ్యడానికి రెండు రోజులు పట్టింది. గురువారం మధ్యాహ్నానికి ఏడు రాత్రులూ శుభ్రంగా నా ముందున్నాయి. ఏడింటిలో ఒక్కదానిలో కూడా ఆ గీత లేదు.

క్యాంటీన్‌లో అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాను. రేడియో అలలకు మబ్బు అడ్డం కాదు. మబ్బు పట్టిందని ఏ గెలాక్సీ నోరు మూసుకోదు. మబ్బు అడ్డమయ్యేది కళ్లకు మాత్రమే. అంటే ఇది ఎవరిదో గానీ, ఆ ఎవరో కళ్లతో చుక్కల్ని చూస్తున్నారు.

అన్నం వదిలేసి సాయంత్రం బస్సెక్కాను. ఫోను, లాప్‌టాప్ ఆపేసి సంచి అడుగున పెట్టాను. అవ్వ నన్ను చూసి ఆశ్చర్యపోయి ఇంకో గుడ్డు కొట్టింది. రాత్రి ముంగిట్లో ఆవిడ మంచం పక్కనే నాకూ మంచం వేసింది. తాత మంచం తూర్పు కొండకు ఎదురుగా, కొంచెం దూరంగా ఉంది.

నాకు నిద్ర రాలేదు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఎంతసేపయిందో తెలియదు, తాత లేచి కూర్చున్న చప్పుడయింది. కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేనూ చూశాను. కొండ అంచు మీద రెండు చుక్కలు నిలువునా ఉన్నాయి. కాసేపటికి వాటి కింద మూడోది బయటపడింది. తాత తువ్వాలు భుజాన వేసుకుని, జేబులోంచి టార్చి తీసి వెలిగించి, గట్టు వెంబడి నడిచాడు.

నేను వెనకాలే వెళ్లాను. తాత యాంటెన్నా కంచె చుట్టూ తిరిగాడు. పందులేమైనా కన్నం పెట్టాయేమోనని వంగి ఇనుప వల అంచులు చూశాడు. ఊడిన కర్ర ఒకటి సరిచేశాడు. చివరికి కంచె మీద చెయ్యి వేసి దానితో మాట్లాడాడు.

"బాగుండావా తల్లీ? గమ్మున విను. ఈడ నేనుండా."

చీకట్లో నిలబడి నేను ఏడ్చాను. ఐదేళ్లకు దొరికిన ఒక్క గీత పోయిందని ఏడ్చాను. అది పోయిన తీరు చూసి కూడా ఏడ్చాను. కోపం కూడా వచ్చింది గానీ ఎవరి మీద పడాలో దానికి తెలియలేదు.

టార్చి వెలుగు నా మొహం మీద పడింది. "ఎవురది? పాపా? పాములు తిరిగే తావులో చెప్పుల్లేకుండా వస్తావా?"

"టార్చి ఆపు తాతా," అన్నాను.

ఐదు దాకా లాప్‌టాప్ తెరవకూడదు కాబట్టి ఇద్దరం గట్టు మీద చీకట్లోనే కూర్చున్నాం. రోజూ ఈ వేళకు ఎందుకొస్తున్నావని అడిగాను.

"ఊరంతా గమ్మునుంటే సరిపోతాదా? పందులు గమ్మునుండవు గదా. తెల్లారేముందర వస్తాయి అవి. నీ మంచం ఒకసారి చూసుకుంటే నాకు నిమ్మళం."

"ఈ వేళ అయిందని నీకెట్లా తెలుస్తుంది?"

"ముందు ఫోన్లో అలారం పెట్టుకుంటా ఉంటి. నువ్వు ఫోను ఆపమన్నావు. గడియారం నేనే ఆపేస్తి. ఇంకేం చేసేది? మా నాయన నేర్పించిందే." తాత కొండ వైపు చెయ్యి చూపించాడు. "అవి గొర్రుకొయ్యలు. విత్తనాలేసే గొర్రుకు మూడు కొయ్యలుండవా, అట్ల. బావిలో నీళ్లకు ఎద్దుల్తో కపిల తోలే కాలంలో మూడో కొయ్య కొండ పైకి వస్తే ఎద్దుల్ని కట్టేది మా నాయన. మబ్బు పట్టిన దినం మాత్రం నాకు తెలవదు పాపా. ఆ దినాల్లో నిద్రపోయినా. ఏడు దినాలు రాలేదు. తప్పే."

ఏడు. ఆయన లెక్క కూడా నా లెక్కతో కలిసింది.

చెప్పక తప్పలేదు. టార్చిలో చిన్న సర్క్యూట్ ఉంటుందని, అది వెలిగినప్పుడు చెవికి వినపడని చప్పుడు చేస్తుందని, ఆ చప్పుడునే నేను ఆకాశం అనుకున్నానని చెప్పాను. తాత టార్చి తీసి గట్టు మీద, తనకు దూరంగా పెట్టాడు.

"అంటే నా వల్ల నీ చదువు చెడిపోయినాదా?"

"నా వల్ల తాతా. ఫోను ఆపమన్నది నేను. టార్చి ఇచ్చిందీ నేనే."

"నువ్వు ఇచ్చింది గదా, దాంట్లో దోషం యాడుంటాదిలే అనుకుంటి."

నేనూ అదే అనుకున్నానని చెప్పాను.

ఐదు దాటాక ముంగిట్లో లాప్‌టాప్ తెరిచాను. అవ్వ కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి, సంగతి విని, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మొదుట్నించీ నేను చెప్తానే ఉండా గదా, దినానికింత ముందర లేస్తా ఉండాడని. కాపీ తగ్గించమని చెప్పి పోయినావు నువ్వు."

నెలరోజులుగా నా ఫలితాన్ని ఆవిడ సంగటితో పాటు వడ్డిస్తూనే ఉంది.

తెర మీద గీతను తాతకు చూపించాను. "ఇది నువ్వు తాతా. ఇరవై ఒక్క దినాలు. ఒక్కనాడు కూడా రెండు నిమిషాలు అటూ ఇటూ కాలేదు."

తాత దగ్గరికి వంగి, ఆ గీత మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు. "అన్ని కోట్ల ఏండ్ల నాటి మాట వినేదాంట్లో నేను పడినానా," అన్నాడు. సిగ్గుపడ్డాడో సంతోషపడ్డాడో తేల్చుకోలేకపోయాను. నాకు మాత్రం ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఊరి బయటికి నడిచి సిగ్నల్ దొరికిన చోట హరినాథ్ సార్‌కు ఫోన్ చేశాను. ఉత్తరం పంపొద్దని చెప్పి, ఎందుకో చెప్పాను. అవతల నుంచి ఏమీ వినపడలేదు. కళ్లద్దాలు తుడుచుకుంటున్నారని అర్థమైంది.

"ఆ పన్నెండు నిమిషాలూ తీసెయ్. మిగిలింది ఎలా ఉందో ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. గీత వెనక పడి మిగతాదంతా మర్చిపోయాను.

"నేను రాత్రి చూశాను. ఇంత నిశ్శబ్దమైన రికార్డు నా సర్వీసులో చూడలేదు పవిత్రా. మొదటి చుక్కల జాడ ఫలానా కొలతకు మించి లేదని మనం గట్టిగా చెప్పొచ్చు. లేదని చెప్పడానికి కూడా అంత బాగా విని ఉండాలి కదా. ఆ ఊరిని అంత గమ్మున ఎవరుంచారు?"

నేను వెనక్కి తిరిగి చూశాను. దూరంగా తాత ఆవును పితుకుతున్నాడు.

మా నాయనకు చెప్పడమే కష్టమైంది. ఆయన అంతా విని, "అంగట్లో చెప్పినోళ్లకంతా నేను చెప్పుకుంటాలే. తప్పని తెలిసినాక పంపలేదు సూడు, అది చాలు," అని ఫోన్ పెట్టేశాడు.

ఆఖరి మూడు రాత్రులూ తాత టార్చి లేకుండా, నేను కొనిచ్చిన బూట్లు వేసుకుని, కర్రతో నేల తడుతూ వెళ్లి వచ్చాడు. ఆ మూడు రాత్రుల రికార్డింగులో ఎక్కడా ఏమీ లేదు. ఐదేళ్లు నేను కోరుకున్నది అదే. అయినా తెర ముందు కూర్చుని ఆ గీత కోసం వెతుక్కున్నాను.

థీసిస్‌లో, రికార్డింగును చెడగొట్టిన వాటి పట్టిక ఒకటి ఉంటుంది. మెరుపులు, విమానాలు, ఎఫ్.ఎం. స్టేషన్లు. దాని చివరి వరుసలో రాశాను: చేతి టార్చి, ఒకటి. మళ్లీ మళ్లీ వచ్చే వ్యవధి, ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలు. హరినాథ్ సార్ దాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు. నేను దాన్ని రబ్బరుతో తుడిచేశాను.

ఫిబ్రవరిలో వైవా. ఎవరైనా వచ్చి వినొచ్చు గనక తాత, అవ్వ పొద్దున్నే బస్సెక్కి తిరుపతి వచ్చారు. తాత కొత్త పంచె కట్టుకుని, మా నాయన పక్కన వెనక వరుసలో కూర్చున్నాడు. హాల్లోకి వచ్చేముందే, ఎవరూ చెప్పకుండా, ఫోను ఆపేశాడు.

పుణె నుంచి వచ్చిన పరీక్షకుడు గంటన్నరసేపు నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించాడు. అన్నిటికీ సమాధానం చెప్పాను. చివరికి ఆయన పట్టిక ఉన్న పేజీ తెరిచి, ఆఖరి వరుస మీద వేలు పెట్టాడు. భూమ్మీద ఉన్న టార్చి చుక్కల వేళ ఎలా పాటిస్తుంది, ఇది అచ్చు తప్పు కాదా అని ఇంగ్లీషులో అడిగాడు.

"తప్పు కాదు సార్," అన్నాను. "ఆయన ఇక్కడే ఉన్నారు. అడగండి."

హరినాథ్ సార్ ప్రశ్నను తెలుగులో చెప్పారు. తాత లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఫోను ఆపమనింది సార్ ఈ పాప. ఆపినా. గడియారం గూడా ఆపినా. గొర్రుకొయ్యలు ఆపమని చెప్పలేదు గదా."

హాలంతా నవ్వింది. దాన్ని ఇంగ్లీషులో చెప్పబోయిన హరినాథ్ సార్ సగంలో ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.